ఆపరేషన్ థియేటర్‌లో సరుకు కొరత తీరాలంటే: సర్కారు నిధులు ఎలా అడగాలి, ఎలా రాబట్టాలి

"ఓటీ (ఆపరేషన్ థియేటర్) సప్లై బాగుచేసుకోవడానికి గవర్నమెంట్ ఫండ్ ఏదైనా ఉందా?" ఏరియా ఆసుపత్రుల సూపరింటెండెంట్లు అడుగుతారు, థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్లు అడుగుతారు, స్టోర్ ఫార్మసిస్టులు అడుగుతారు. ఆ పేరుతో స్కీమ్ ఏదీ లేదు. "ఓటీ సరఫరా వ్యవస్థ మెరుగుదల" అని పెద్ద అక్షరాలతో ఫైల్ పెడితే, హైదరాబాద్ కోఠిలోని వైద్య శాఖ ఆఫీసుల్లో అది ఏ టేబుల్ మీదకి పోవాలో ఎవరికీ అర్థం కాదు. నాలుగు సెక్షన్లు తిరిగి, ఒక కొర్రీతో మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. కానీ డబ్బు లేదని కాదు. వేరే వేరే పేర్లతో, వేరే వేరే జేబుల్లో ఉంది. మీ అవసరాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కని ఏ జేబు దగ్గరికి తీసుకెళ్లాలో తెలుసుకోవడమే అసలు పని.

ప్రైవేటు నర్సింగ్ హోమ్ వాళ్లకి ముందే చెప్పేస్తాను, ఆశపడి చివరిదాకా చదవకుండా. మీ థియేటర్ స్టాకు కోసం ఇచ్చే గ్రాంటు ఏమీ లేదు. ఆరోగ్యశ్రీ ఎంప్యానెల్‌మెంట్ (ఆ పథకం ఆసుపత్రుల జాబితాలో చోటు) ఉంటే ప్యాకేజీ డబ్బులోనే సరుకు ఖర్చు కలిసి ఉంటుంది. లేదంటే బ్యాంకు లోనే. అయినా కింద చెప్పే 1, 6, 8 స్టెప్పులు మీకూ పనికొస్తాయి.

చేతిలో ఏమేం ఉండాలి

- గత 3 నెలల ఓటీ రిజిస్టర్
- స్టోర్ ఇండెంట్ (సరుకు కావాలని పెట్టే కాగితం) పుస్తకం, ఈ-ఔషధి (సర్కారు మందుల స్టాకు సాఫ్ట్‌వేర్) నుంచి తీసిన స్టాకు రిపోర్టు
- వాయిదా పడ్డ ఆపరేషన్ల జాబితా, కారణంతో సహా
- ఆటోక్లేవ్ (సామానుని ఆవిరితో స్టెరిలైజ్ చేసే మిషన్) లాగ్ బుక్
- ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ పాస్‌బుక్, చివరి మీటింగ్ మినిట్స్
- ఐపీహెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆసుపత్రులకి కేంద్రం పెట్టిన ప్రమాణాలు) 2022 మార్గదర్శకాల్లో మీ స్థాయి ఆసుపత్రికి థియేటర్ సామాను జాబితా ఉన్న పేజీల ప్రింటు
- ఈ ఫైల్ తనదే అనుకునే ఒక మనిషి. డాక్టరే కానక్కర్లేదు. నిజానికి స్టోర్ ఫార్మసిస్టు, థియేటర్ సిస్టర్ జోడీగా కూర్చుంటే డాక్టర్ల కమిటీ కంటే త్వరగా తేలుతుంది.

స్టెప్ 1: వాడకం లెక్క తీయండి

ఎక్కువ ఫైళ్లు పడిపోయేది ఇక్కడే, కాబట్టి దీని మీద ఎక్కువసేపు కూర్చోండి.

స్టోర్ నుంచి థియేటర్‌కి ఎంత ఇచ్చారన్నది వాడకం కాదు. అది ఇష్యూ. స్టోర్‌లో ఉంటే ఇస్తారు, లేకపోతే ఇండెంట్ మీద "ఎన్‌ఏ" (నాట్ అవైలబుల్) అని రాసి పంపుతారు. ఆ ఎన్‌ఏ రోజుల్లో ఆపరేషన్లన్నీ ఆగవు. పేషెంట్ అన్నయ్యో భర్తో ఒక చీటీ పట్టుకుని గేటు ఎదురుగా ఉన్న మెడికల్ షాపుకి పరుగెత్తుతాడు. ఆ కొనుగోలు మీ ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. మూడు నెలల ఇష్యూని 90తో భాగిస్తే వచ్చే అంకె అందుకే తప్పుడు అంకె.

ఒక ఉదాహరణ చూడండి. ప్రసూతి థియేటర్‌లో సైజు 1 పాలీగ్లాక్టిన్ కుట్టుదారం 90 రోజుల్లో 960 రేకులు (విడి ప్యాకెట్లు) ఇష్యూ అయ్యాయనుకోండి. 90తో భాగిస్తే రోజుకి 11 లోపే. కానీ అందులో 30 రోజులు స్టోర్‌లో సరుకే లేదు. సరుకు ఉన్న 60 రోజులతో భాగిస్తే రోజుకి 16. ఇప్పుడు ఓటీ రిజిస్టర్‌తో సరిచూడండి: రోజుకి 8 సిజేరియన్లు, ఒక్కోదానికి 2 రేకులు, మొత్తం 16. రెండు దారుల్లోనూ ఒకే అంకె వచ్చింది కాబట్టి దాన్ని నమ్మొచ్చు.

ఇండెంట్ పెట్టిన రోజు నుంచి సరుకు చేతికి వచ్చే దాకా ఎన్ని రోజులు పడుతోందో కూడా ఇండెంట్ పుస్తకంలోనే ఉంటుంది. 21 రోజులు అనుకుందాం, దానికి 10 రోజుల బఫర్ కలపండి. 31ని 16తో గుణిస్తే 496. పెట్టెకి 12 రేకుల లెక్కన 42 పెట్టెలు. స్టాకు అంతకి దిగగానే మళ్లీ ఇండెంట్ పడాలి. అదే రోజుకి 11 అనుకున్నవాళ్లు 341 దగ్గర ఇండెంట్ పెడతారు. అసలు వాడకం 16 కాబట్టి ఆ 341 రేకులు 21 రోజులకే అయిపోతాయి. సరుకు వచ్చే రోజుకి అల్మారా ఖాళీ, ఒక్క రోజు ఆలస్యమైనా మళ్లీ చీటీ.

అన్ని వస్తువులకీ ఇలా చేయక్కర్లేదు. థియేటర్ సామాను వందల్లో ఉంటుంది, అన్నింటికీ చేస్తే సంవత్సరం పడుతుంది. అది లేకపోతే కేసు ఆగిపోయేవి 25 దాకా ఎంచుకోండి: స్పైనల్ సూదులు, హెవీ బుపివకైన్, 6.5, 7, 7.5 సైజుల స్టెరైల్ గ్లవ్స్, అబ్డామినల్ మాపులు, నాలుగైదు రకాల కుట్టుదారాలు, సక్షన్ ట్యూబులు, డయాథర్మీ ప్లేట్లు, ఆక్సిటోసిన్, ఇలా. కాటన్, ప్లాస్టర్ లాంటివి తర్వాత చూసుకోవచ్చు.

గ్లవ్స్ విషయంలో ఒక తప్పు దాదాపు అన్నిచోట్లా కనిపిస్తుంది: "స్టెరైల్ గ్లవ్స్, 5000 జతలు" అని సైజు లేకుండా ఇండెంట్ పెట్టడం. వచ్చేవి ఎక్కువగా 7.5. ఆపరేషన్ చేసే గైనిక్ మేడమ్‌లలో చాలామందికి కావాల్సినవి 6.5. అల్మారా నిండా గ్లవ్స్ ఉంటాయి, కేసుకి మాత్రం గ్లవ్స్ ఉండవు. రిజిస్టర్ చూసి ఆడిటర్ "స్టాకు ఉంది కదా" అంటాడు. సైజుల వారీగా అడగండి.

చీటీల లెక్క కోసం ఒక చిన్న ఏర్పాటు చేయండి. బయట రాసిచ్చే చీటీలకి ఒక నకలు పుస్తకం పెట్టండి. ఒక్క నెల చాలు. వస్తువు పేరు, సంఖ్య, తేదీ. పేషెంట్ పేరు వద్దు. దీనికి డ్యూటీ డాక్టర్లు ఇబ్బంది పడతారు, తమ మీద కంప్లయింట్‌కి వాడతారేమోనని. సూపరింటెండెంట్ ముందే కూర్చోబెట్టి ఇది నిధులు అడగడానికేనని చెబితే రాస్తారు. మీ ఫైల్ మొత్తంలో పై అధికారి ఆగి చదివే పేజీ ఇదే అవుతుంది.

స్టెప్ 2: అవసరాన్ని నాలుగు కుప్పలు చేయండి

మొదటిది వాడి పారేసే సరుకు: మందులు, కుట్టుదారాలు, గ్లవ్స్, డ్రేపులు (ఆపరేషన్‌లో పేషెంట్ మీద కప్పే గుడ్డలు). రెండోది ఏళ్ల తరబడి ఉండేవి: ఆటోక్లేవ్, ఇన్‌స్ట్రుమెంట్ సెట్లు, స్టీలు ర్యాకులు, ట్రాలీలు, ఫ్రిజ్. మూడోది కట్టడం: సీఎస్‌ఎస్‌డీ (సామాను స్టెరిలైజ్ చేసే విభాగం) గది, థియేటర్ సబ్-స్టోర్, వైరింగ్, ఏసీ. నాలుగోది మనిషి, శిక్షణ, కంప్యూటర్, బార్‌కోడ్ స్కానర్.

నాలుగూ కలిపి ఒకే ప్రపోజల్ పెట్టకండి. ఆటోక్లేవ్‌తో పాటు గ్లవ్స్ అడిగితే, ఒకదాని కోసం రెండోది ఆగిపోతుంది. నాలుగు కాగితాలు, నాలుగు దారులు.

స్టెప్ 3: ఏ కుప్పకి ఏ జేబు

*రాష్ట్ర బడ్జెట్, టీజీఎంఎస్‌ఐడీసీ.* మందులు, సర్జికల్స్‌లో పెద్ద భాగం తెలంగాణ వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ (కింద కార్పొరేషన్ అన్నది దీన్నే) టెండరు పిలిచి కొని, సెంట్రల్ మెడిసిన్ స్టోర్ల ద్వారా పంపేదే. ఇక్కడ మీరు అడిగేది డబ్బు కాదు, సరుకు. ఏటా వచ్చే అవసరాల జాబితాలో మీ అంకె సరిగ్గా వేస్తే చాలు, అది కూడా నిధులు తెచ్చుకున్నట్టే. కానీ ఎక్కువమంది ఏం చేస్తారంటే పోయినేడు వేసిన అంకెకి పది శాతం కలిపి పంపేస్తారు. పోయినేటి అంకే తప్పైతే ఆ తప్పుకి పది శాతం కలిసినట్టే. 1వ స్టెప్పులో తీసిన లెక్క ఇక్కడ వాడండి. కార్పొరేషన్ జాబితాలోనే లేని వస్తువు అయితే, దాన్ని జాబితాలో చేర్చమని మీ డైరెక్టరేట్ ద్వారా విడిగా రాయండి.

*లోకల్ పర్చేజ్.* అత్యవసరానికి సూపరింటెండెంట్ స్థాయిలో కొనుక్కోవడానికి కొంత వాటా ఉంటుంది. స్టోర్‌లో ఆ వస్తువు లేదన్న ఎన్‌ఏ కాగితం ముందు ఫైల్‌లో ఉండాలి, ఆ తర్వాతే కొటేషన్లు. తేదీలు తిరగబడితే, అంటే కొన్నాక ఎన్‌ఏ తెప్పిస్తే, ఆడిట్ అభ్యంతరం ఖాయం. పరిమితి దాటకుండా ఉండాలని ఒక్క కొనుగోలునే మూడు బిల్లులుగా కోయడం కూడా అంతే. ఆడిటర్లు మొదట వెతికేది అదే.

*ఆరోగ్యశ్రీ ఆదాయం.* ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలామంది వదిలేస్తున్న జేబు ఇదే అని నా అభిప్రాయం. 2023 డిసెంబరులో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకి పెరిగింది. ప్రభుత్వ ఆసుపత్రి చేసే ఆపరేషన్లకీ క్లెయిమ్ వస్తుంది, ఆ డబ్బులో ఆసుపత్రి అవసరాలకి వాడుకునే భాగం ఉంటుంది. ఆర్థో ఇంప్లాంట్లు, మెష్‌లు, ఖరీదైన సర్జికల్స్‌కి ఇది సరైన దారి. అయితే కేసు ఆరోగ్యశ్రీలో నమోదు కావాలి, అది కాకపోతే ఈ జేబులో పైసా ఉండదు. రాత్రి ఎమర్జెన్సీలో వచ్చిన కేసుని ఎవరూ నమోదు చేయరు, తెల్లారేసరికి ఆపరేషన్ అయిపోతుంది. రాత్రి షిఫ్టులో ఆరోగ్యమిత్ర (ఆరోగ్యశ్రీ కేసుల నమోదు చూసే మనిషి) ఎవరో, ఎమర్జెన్సీ అప్రూవల్ ఎలా తీసుకోవాలో థియేటర్ గోడకి అంటించండి. ఇంప్లాంట్ ప్యాకెట్ మీద ఉండే స్టిక్కర్‌ని కేస్ షీట్‌కి అతికించారో లేదో డిశ్చార్జికి ముందే చూడండి. ఆ చిన్న స్టిక్కర్ లేక వెనక్కి వచ్చే క్లెయిములు ఉంటాయి. స్టిక్కర్‌ని ట్రేలోనే వదిలేస్తే రక్తం అంటిన డ్రేపులతో పాటు పసుపు రంగు చెత్త సంచిలోకి పోతుంది, మళ్లీ దొరకదు.

*ఎన్‌హెచ్‌ఎం.* అంటే జాతీయ ఆరోగ్య మిషన్. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం వాటాతో వచ్చే డబ్బు. జిల్లా ప్రణాళిక నుంచి రాష్ట్ర పీఐపీకి (రాష్ట్రం వేసే ఖర్చుల ప్రణాళికకి), అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్లి ఆమోదం పొంది ఆర్‌ఓపీగా (దేనికి ఎంతో చెప్పే ఆమోద పత్రంగా) తిరిగివస్తుంది. పరికరాలు, శిక్షణ, ప్రసూతి థియేటర్ అవసరాలు దీనికి సరిపోతాయి. పీఐపీ తయారయ్యే సీజన్ దాటిపోతే ఎంత మంచి ప్రపోజలైనా తర్వాతి విడతకే. ఈ మధ్య రెండేళ్లకి ఒకేసారి పీఐపీ వేస్తున్నారు కాబట్టి ఒక్కసారి తప్పితే నష్టం పెద్దది. మీ ఆసుపత్రికి వచ్చే అన్‌టైడ్ (ఫలానా పనికే అన్న కట్టడి లేని) గ్రాంటు కూడా ఎన్‌హెచ్‌ఎం డబ్బే. ర్యాకులు, బిన్‌లు, లేబుల్ ప్రింటర్ లాంటి చిన్న వాటికి సొసైటీ తీర్మానంతో అందులోంచి ఖర్చు పెట్టొచ్చు.

*లక్ష్య, ఎన్‌క్యూఏఎస్, కాయకల్ప్.* ఇవి కేంద్రం నడిపే నాణ్యత, శుభ్రత కార్యక్రమాలు. ముందుగా ఇచ్చే డబ్బు కాదు, బాగుచేశాక వచ్చే డబ్బు. 2017 డిసెంబరులో మొదలైన లక్ష్య కార్యక్రమం లేబర్ రూమ్‌నీ, ప్రసూతి థియేటర్‌నీ చూస్తుంది. సర్టిఫికేషన్ వస్తే మెడికల్ కాలేజీ ఆసుపత్రికి 6 లక్షలు, జిల్లా ఆసుపత్రికి 3 లక్షలు, ఆ కింది స్థాయికి 2 లక్షలు ప్రోత్సాహకం అని మార్గదర్శకాల్లో ఉంది. 2015లో మొదలైన కాయకల్ప్‌లో జిల్లా ఆసుపత్రులకి మొదటి బహుమతి 50 లక్షలు. బహుమతి రాకున్నా 70 శాతం దాటితే జిల్లా ఆసుపత్రికి 3 లక్షల ప్రశంసా బహుమతి. ఆ మొత్తంలో 75 శాతం ఆసుపత్రి సౌకర్యాలకి, మిగిలింది సిబ్బందికి. ఎన్‌క్యూఏఎస్ (జాతీయ నాణ్యతా ప్రమాణాలు) చెక్‌లిస్టులో డీ2 ప్రమాణం పూర్తిగా మందులు, సరుకు నిల్వ గురించే. మీ థియేటర్‌లో ఏం సరిగ్గా లేదో మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు, ఆ చెక్‌లిస్టు ప్రింటు తీసి టిక్కులు పెట్టండి. ఆ ఖాళీ టిక్కులే మీ ప్రపోజల్‌కి కారణాలు.

*ఎంపీ నిధులు, సీఎస్‌ఆర్.* ఎంపీ ల్యాడ్స్‌లో (నియోజకవర్గ అభివృద్ధి నిధుల్లో) ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. మన్నే ఆస్తులకే ఇస్తారు. ఆటోక్లేవ్ అడగొచ్చు, గ్లవ్స్ అడగకూడదు. సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చేది) ప్రభుత్వ డబ్బు కాదు, కానీ హైటెక్ సిటీ చుట్టూ ఇన్ని కంపెనీలున్న ఊళ్లో దాన్ని అడగకపోవడం అమాయకత్వం. ఒక్క జాగ్రత్త: కంపెనీవాళ్లకి మిషన్ ఇచ్చి ఫొటో దిగడం ఇష్టం, అయిదేళ్ల మెయింటెనెన్స్ ఇష్టం ఉండదు. సీఎంసీ (విడిభాగాలతో కలిపి మెయింటెనెన్స్ ఒప్పందం) డబ్బు ఎవరు కడతారో రాతపూర్వకంగా లేకుండా తీసుకోకండి.

కట్టడం సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, అది మీ చేతిలో ఉండేది కాదు. ఇంజినీరింగ్ విభాగంతో ఎస్టిమేట్ వేయించి పైకి పంపాలి, దానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు ఒక గదికి అరలు కొట్టించి తాళం వేసుకోండి.

స్టెప్ 4: ఫైల్ రాయండి

ఒక్కో కుప్పకి ఒకే పేజీ, మిగతాదంతా అనుబంధాల్లో. పేజీలో ఉండాల్సింది ఇంతే: ఏం కావాలి, ఎంత, ఏ లెక్క ప్రకారం, ఇది లేకపోవడం వల్ల గత 3 నెలల్లో ఎన్ని కేసులు వాయిదా పడ్డాయి, నకలు పుస్తకం నడిపిన నెలలో ఎన్ని చీటీలు బయటికి వెళ్లాయి, ఏ హెడ్ (బడ్జెట్ పద్దు) కింద అడుగుతున్నాం, అంచనా ధర ఎక్కడిది.

ధర కోసం డీలరు కొటేషన్ పెట్టే ముందు కార్పొరేషన్ రేట్ కాంట్రాక్ట్ ఉందేమో చూడండి. తర్వాత జెమ్ (ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల) పోర్టల్. ఆ తర్వాతే కొటేషన్.

బ్రాండు పేరు రాయకండి. థియేటర్‌లో అందరూ "వైక్రిల్" అంటారు, ఫైల్‌లో అలా రాస్తే ఒకే కంపెనీకి రాసినట్టవుతుంది, తిరిగి వస్తుంది. "పాలీగ్లాక్టిన్ 910, సైజు 1, 90 సెం.మీ. పొడవు, 40 మి.మీ. హాఫ్ సర్కిల్ రౌండ్ బాడీ సూది" అని రాయాలి. సూది సైజు వదిలేస్తే ఏం వస్తుందో సర్జన్‌ని అడగండి, ఆయనే కోపంగా చెబుతాడు. వైద్య పరికరాల నియమాలు, 2017 ప్రకారం తయారీదారుకి లైసెన్సు ఉండాలన్న షరతు కూడా స్పెసిఫికేషన్‌లోనే పెట్టండి.

పరికరం అడిగినప్పుడు దాని తిండి కూడా అడగండి. ఆటోక్లేవ్ అయితే త్రీ-ఫేజ్ కరెంటు, సాఫ్ట్ వాటర్, డ్రెయిన్, ఇండికేటర్ టేపు, కెమికల్ ఇండికేటర్లు, స్పోర్ టెస్ట్ వయల్స్ (ఈ చివరి మూడూ స్టెరిలైజ్ అయిందో లేదో చూసుకోవడానికి). ఇవేవీ లేకుండా వచ్చిన మిషన్ చెక్కపెట్టెలోనే కారిడార్‌లో ఉండిపోయి, వారంటీ అయిపోయాక బయటికి రావడం కొత్త సంగతేమీ కాదు. "సైట్ సిద్ధంగా ఉంది" అన్న సర్టిఫికెట్‌ని ఎలక్ట్రీషియన్, ప్లంబర్‌లతో చూపించాకే సంతకం చేయండి.

స్టెప్ 5: ఫైల్‌ని సరైన దారిలో పంపండి

ఉస్మానియా, గాంధీ, నిలోఫర్, పేట్లబుర్జు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి లాంటివి డీఎంఈ (వైద్య విద్య డైరెక్టర్) కింద. కింగ్ కోఠి జిల్లా ఆసుపత్రి, మలక్‌పేట, నాంపల్లి, గోల్కొండ, వనస్థలిపురం ఏరియా ఆసుపత్రులు వైద్య విధాన పరిషత్ దారిలో వెళ్తాయి. నిమ్స్ స్వయంప్రతిపత్తి సంస్థ, దాని పద్ధతి దానిది. సనత్‌నగర్ ఈఎస్‌ఐది కేంద్రం దారి. ఎవరి ఫైల్ వాళ్ల డైరెక్టరేట్ గుండా పోవాలి. నేరుగా కార్పొరేషన్‌కి రాస్తే "త్రూ ప్రాపర్ ఛానెల్" అని వెనక్కి పంపుతారు.

టైమింగ్ ముఖ్యం. రాష్ట్ర బడ్జెట్ సభకి వచ్చేది సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో అయినా, శాఖల నుంచి అంకెలు అంతకంటే చాలా ముందే వెళ్లిపోతాయి. దసరా నాటికి మీ కాగితం డైరెక్టరేట్‌లో ఇన్‌వర్డ్ అయి ఉండేలా చూసుకోండి. ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి, ఎవరి సీటులో ఉందో పదిహేను రోజులకోసారి అడగండి. అడగడానికి మొహమాటపడితే ఫైల్ కూడా మొహమాటపడి అక్కడే కూర్చుంటుంది.

మార్చిలో "మిగిలిన డబ్బు ఉంది, వారంలో ఖర్చు పెట్టండి" అని ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ కోసం ఒక సిద్ధమైన జాబితా సొరుగులో ఉంచుకోండి, స్పెసిఫికేషన్లు, తీర్మానంతో సహా. జాబితా లేనివాళ్లు ఆ వారంలో కంగారుగా కొన్న సరుకే తర్వాత రెండేళ్లు అల్మారాలో ఎక్స్‌పైరీ అవుతుంది.

స్టెప్ 6: సరుకు వచ్చిన రోజు

లారీ దిగేటప్పుడు స్టోర్ ఫార్మసిస్టుతో పాటు థియేటర్ నుంచి ఒకరు ఉండాలి. ఇన్‌వాయిస్‌లో బ్యాచ్ నంబరు, పెట్టె మీద బ్యాచ్ నంబరు ఒకటేనా? ఎక్స్‌పైరీ ఎంత దూరంలో ఉంది? పై పెట్టె మాత్రమే కాదు, అడుగు పెట్టె కూడా తెరవండి. కార్పొరేషన్ స్టోర్ల నుంచి వచ్చే మందుల బ్యాచ్‌లు ల్యాబ్ పరీక్ష అయ్యాకే విడుదలవుతాయి, లోకల్ పర్చేజ్‌కి ఆ రక్షణ లేదు. కాబట్టి బయట కొన్నదాన్ని రెట్టింపు జాగ్రత్తగా చూడండి.

అరల్లో సర్దేటప్పుడు ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు వరసలో. ముందు వచ్చింది ముందు కాదు, ముందు ముగిసేది ముందు. కొత్త పెట్టెని ఖాళీగా ఉంది కదా అని ముందు పెట్టేస్తారు, పాతది వెనకాల మగ్గిపోతుంది. ప్రతి వస్తువుకీ ఒక బిన్ కార్డు (అర దగ్గరే ఉంచే స్టాకు కార్డు), దాని మీద ఎర్ర ఇంకుతో మళ్లీ ఇండెంట్ పెట్టాల్సిన అంకె రాయండి. మన ఉదాహరణలో అది 42 పెట్టెలు. నైట్ డ్యూటీ సిస్టర్‌కి కూడా కార్డు చూడగానే అర్థం కావాలి.

బార్‌కోడ్ స్కానర్ల గురించి చాలామంది అడుగుతున్నారు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వం 2016 ప్రాంతంలో 6 ఆసుపత్రి ట్రస్టులకి 1.2 కోట్ల పౌండ్లు ఇచ్చి రోగికీ, వస్తువుకీ, స్థలానికీ బార్‌కోడ్‌లు పెట్టించింది. మంచిదే. కానీ అక్కడ మనిషి ఒకడు రోజూ స్కాన్ చేస్తాడు. మీ దగ్గర ఈ-ఔషధిలో ఎంట్రీలే వారానికోసారి పడుతుంటే, స్కానర్ కొనకండి. ముందు ఏ రోజు ఎంట్రీ ఆ రోజే పడేలా చేయండి. డేటా ఎంట్రీ మనిషిని అడగడం స్కానర్ అడగడం కంటే తెలివైన పని.

స్టెప్ 7: యూసీ ఆపకండి

యుటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్లకపోతే తర్వాతి విడత రాదు, ఇంతకంటే సిద్ధాంతం లేదు. ఖర్చు పెట్టిన వారంలోనే బిల్లు, స్టాకు రిజిస్టర్ పేజీ నంబరు, సొసైటీ తీర్మానం నంబరు ఒక్క కవరులో పెట్టేయండి. చివర్లో వెతుక్కుంటే బిల్లు దొరికినా స్టాకు ఎంట్రీ దొరకదు. ఎన్‌హెచ్‌ఎం డబ్బుని ఇచ్చిన పనికి కాకుండా మరో పనికి వాడి, తర్వాత సర్దుకుందాం అనుకోవద్దు. ఆర్‌ఓపీలో ఆ లైన్‌కి ఏం రాసుందో అదే లెక్క.

స్టెప్ 8: ఫలితం వచ్చిందో లేదో చూసుకోండి

నెలకోసారి, ముందు చెప్పకుండా, మీ 25 వస్తువుల జాబితాలోంచి ఏవైనా పది తీసుకోండి. అరలో లెక్కపెట్టండి, బిన్ కార్డు చూడండి, ఈ-ఔషధి చూడండి. మూడూ ఒకటైతే ఆ వస్తువు పాస్. మొదటి నెల నాలుగైదు పాసైతే అదే గొప్ప. కంప్యూటర్‌లో ఎక్కువ, అరలో తక్కువ ఉంటే దొంగతనం అని గొడవ మొదలుపెట్టకండి. చాలాసార్లు పక్క థియేటర్‌కి అప్పు ఇచ్చి రాయకపోవడమే. అప్పుల కోసం ఒక పుస్తకం పెట్టండి.

చీటీల నకలు పుస్తకం మూడు నెలల తర్వాత మళ్లీ ఒక నెల నడపండి. చీటీలు తగ్గాయా అన్నదే అసలు ఫలితం. స్టాకు పెరిగి చీటీలు తగ్గకపోతే మీరు తప్పు వస్తువులు కొన్నట్టు, లేదా తప్పు సైజులు. చీటీలు అసలే లేవని పుస్తకం చెబితే వెంటనే నమ్మకండి. గేటు ఎదురు షాపులో రెండు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది.

వచ్చే 90 రోజుల్లో ఎక్స్‌పైరీ అయ్యే సరుకు జాబితా ప్రతి నెలా తీసి, దగ్గరలో ఉన్న ఆసుపత్రికి ఈ-ఔషధిలోనే ట్రాన్స్‌ఫర్ పెట్టండి. అక్కడ వాడతారు, మీ రిజిస్టర్‌లో నష్టం రాదు. పేట్లబుర్జులో మిగిలింది సుల్తాన్ బజార్‌కి, మలక్‌పేటలో మిగిలింది వనస్థలిపురానికి వెళ్లడానికి ఒక ఫోన్, ఒక ఆటో చాలు. ట్రాన్స్‌ఫర్ కాగితం మాత్రం సరుకు కంటే ముందు వెళ్లాలి.

వాయిదా కేసుల జాబితాలో "సరుకు లేక" అన్న కారణం ఎన్నిసార్లు వచ్చిందో విడిగా లెక్కేయండి. ఆ అంకెని, చీటీల అంకెని, పది వస్తువుల పరీక్షలో పాసైన సంఖ్యని ఒక్క పేజీలో నెలవారీగా రాసి సొసైటీ మీటింగ్ మినిట్స్‌లో పెట్టించండి. వచ్చే దసరాకి మీరు పంపబోయే ఫైల్‌కి మొదటి అనుబంధం అదే.